మాల తీసిన మరునాడు: త్రాగుడు మానినవానికి గ్రామము తోడుపడు విధము

ఓరుగల్లు ప్రాంతమున ఎనుమాముల మార్కెట్ యార్డు పేరెరుగని రైతు లేడు. ఎనుమాముల యిపుడు వరంగల్ మహానగర పాలక సంస్థ హద్దులలో చేరియున్నను, అచ్చటికి వచ్చు సరకు మాత్రము పల్లెలదే. దసరా దాటినది మొదలు పత్తి, సంక్రాంతి దాటినది మొదలు నడివేసవి వరకు మిరప. తెల్లవారకముందే బస్తాలు దిగును, జెండా పాట సాగును. అడ్తిదారు, ఖరీదుదారు, దడువాయి, హమాలీ, గుమాస్తా ఎవరి పని వారు చేయుదురు. సాయంకాలమునకు కాంటాలు ముగియును. ఏడాది పొడవున కుటుంబమంతయు చెమటోడ్చిన ఫలము ఒక్క పూటలో ఒకని చేతికి వచ్చును. అదే పూట హమాలీకి కూలియు అందును. యార్డు గేటునుండి ఇంటి గడపవరకు గల దారి, త్రాగుడు వ్యసనమైనవానికి ఆ దినమున మిక్కిలి పొడవైన దారి.

ఈ సంగతి పంచాయతీ సభ్యులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. గ్రామసభలలో మాకు వినవచ్చు ప్రశ్న వేరొకటి: "వానిని మూడుమార్లు మాన్పించితిమి. మూడుమార్లును మరల మొదలుపెట్టెను. ఇట్టివాడు ఎన్నటికైన బాగుపడునా?" అడుగువారి గొంతులో కోపముకంటె అలసటయే హెచ్చుగా నుండును. బాగుపడును అనియే మా జవాబు. ఈ మాటకు వైద్యశాస్త్రపు ఆధారమున్నది, ఏండ్ల తరబడి సాగిన పరిశీలనల ఆధారమున్నది. అయితే బాగుపడుటకు పట్టు కాలమును మనము దినములలో లెక్కించుచున్నాము. దానిని సంవత్సరములలో లెక్కింపవలసియున్నది. చిక్కంతయు ఇచ్చటనే వచ్చుచున్నది.

ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థవారు కేంద్ర ప్రభుత్వము కొరకు జరిపిన సర్వే 2019లో వెలువడెను. దేశమున 10 నుండి 75 ఏండ్ల వయసుగలవారిలో నూటికి 14.6 మంది, అనగా సుమారు 16 కోట్లమంది మద్యము పుచ్చుకొనుచున్నారని అందు తేలినది. వీరందరును వ్యసనపరులు కారు. మద్యము లేనిదే ఉండజాలని స్థితికి చేరినవారు నూటికి 2.7 మంది. అట్టివారిలో ఏదో యొక విధమైన సాయము లేక చికిత్స పొందితిమని చెప్పినవాడు 38 మందికి ఒక్కడు. ఆసుపత్రిలో ఉండి చికిత్స పొందినవాడు 180 మందికి ఒక్కడు. కనుక "త్రాగుబోతు మారడు" అని మనము తీర్పు చెప్పునపుడు, చికిత్స ముఖమే చూడని ముప్పది యేడుగురిని చూచి చెప్పుచున్నామని గ్రహింపవలెను. క్షయరోగికి మందీయక, క్షయ కుదరదని తీర్మానించినట్లున్నది.

వ్యసనమనగా పొగరు కాదు, పెంకితనము కాదు. ఏండ్ల తరబడి మద్యమునకు అలవడిన మెదడు, అది లేనిదే తన పని తాను చేసికొనలేని స్థితికి వచ్చును. మొదట ఒక గ్లాసుతో కలిగిన మత్తు కొంత కాలమునకు నాలుగు గ్లాసులతో గాని కలుగదు. ఆ మీదట మత్తు కొరకు గాక, ఉదయము చేయి వణకకుండుటకై త్రాగును. బస్తాలు మోసి నడుము పట్టుకొనిపోయిన హమాలీ నొప్పులకని మొదలుపెట్టును, అప్పు పుట్టని రైతు నిద్ర కొరకని మొదలుపెట్టును. కారణమేదైనను కడకు చేరు స్థితి ఒక్కటే.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. పెద్దమనుషులు పదిమంది కూర్చుండి, బాగుగా ముదిరిన త్రాగుబోతును ఒక గదిలో పెట్టి, "నేటినుండి చుక్క ముట్టరాదు" అని తాళము వేయుట కొన్నియెడల జరుగుచున్నది. ఉద్దేశము మంచిదే గాని పద్ధతి ప్రాణాంతకము. ముదిరిన వ్యసనపరుడు హఠాత్తుగా మానినచో కొన్ని గంటలలోనే వణుకు, చెమట, నిద్రలేమి మొదలగును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము వరకు మతి తప్పుట, లేని పురుగులు ఒంటిపై ప్రాకుచున్నట్లు దులుపుకొనుట, లేని మనుషులతో మాటలాడుట కానవచ్చును. దీనిని చూచి గాలి సోకినదని భూతవైద్యుని వద్దకు కొనిపోయినవారు గలరు. చికిత్స లేనిచో ఈ దశలో ప్రాణము పోవచ్చును. ఆసుపత్రిలో వైద్యులు నరములను శాంతపరచు మందులను క్రమముగా తగ్గించుచు ఇత్తురు, బి1 విటమినును ఎక్కించెదరు. చాలమంది ఒక వారములో ఈ గండము గడతేరుదురు.

తెలంగాణములో ఈ పాఠము రెండుమార్లు కండ్లకు గట్టినట్లు తెలిసినది. 2015 సెప్టెంబరులో కల్తీకల్లుపై అధికారులు గట్టి చర్యలు గైకొన్నపుడు, ఆల్ప్రాజోలం, డైజిపాం వంటి మందులు కలిపిన కల్లునకు అలవడినవారు ఒక్కసారిగా అది దొరకక, నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో పెక్కుమంది ఆసుపత్రుల పాలైరి. మరల 2020 మార్చి చివర లాక్‌డౌనులో మద్యపు దుకాణములు మూతపడగా హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు రోగులు బారులు తీరిరి. అంగడి మూసినంత మాత్రమున రోగము మూతపడదు. దుకాణము మూయించు గ్రామము, ఆ వారము తన రోగులను ఎవరు ఆసుపత్రికి చేర్చవలెనో ముందుగా ఏర్పాటు చేసికొనవలెను.

నలువదియొక్క దినములు

వారము గడచినది, ఒంటిలోని విషము దిగినది. తరువాత నేమి? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు దూరము పోనక్కరలేదు. మన పల్లెలలోనే ప్రతి సంవత్సరము ఒక గొప్ప ప్రయోగము జరుగుచున్నది. కార్తీకమాసము రాగానే వందలకొలది మంది అయ్యప్ప మాల వేసికొందురు. కొండగట్టు అంజన్న పేర హనుమద్దీక్ష పూనువారును గలరు. వీరిలో నిత్యము త్రాగువారు కొందరుందురు. అట్టివారు మండలకాలము, అనగా నలువదియొక్క దినములు, చుక్క ముట్టరు. భార్య ఎంత యేడ్చినను మాననివాడు, తల్లి కాళ్లు పట్టుకొన్నను వినినవాడు కానివాడు, మాల మెడలో పడగనే మానివేయును. దీనినిబట్టి ఆ మనుష్యునికి శక్తి లేదనుట పొరపాటని తేలుచున్నది.

అయితే ఆ శక్తి ఎచ్చటినుండి వచ్చినది? దైవభక్తి ముఖ్యమైనదే, సందేహము లేదు. దానితోపాటు ఆ నలువదియొక్క దినములు అతని చుట్టు ఏమేమి అమరియున్నవో చూడుడు. తెల్లవారకముందు చన్నీటి స్నానము, సాయంకాలము పూజ, వేళకు భిక్ష. పగలు వేరు గుడ్డలు, వేరు నడవడి. నిన్నటివరకు "ఓరీ" అని పిలిచినవారు "స్వామీ" అని పిలుతురు. సాయంకాలము కల్లు మండువ దారిపట్టు వేళకు భజనకు పోవలసియుండును. తోటి స్వాములు పదిమంది పీఠమున కనిపెట్టుకొని యుందురు, గురుస్వామి మంచిచెడ్డలు విచారించును. త్రాగుమని బలవంతపెట్టువాడు ఊరిలో ఒక్కడును ఉండడు. ఇంట అందరును అతనికి ఎదురుగా మాట యాడక గౌరవింతురు.

ఇక మాల తీసిన మరునాడు చూడుడు. ఇవన్నియు ఒక్క దినముననే తొలగిపోవును. గుడ్డలు మారును, పిలుపు మారును, భజన ఆగును, తోటివారు చెదరిపోవుదురు. "దీక్ష అయినదిగదా, ఇపుడేమి అభ్యంతరము?" అని పాత స్నేహితులు గ్లాసుతో ఎదురుపడుదురు. నలువదియొక్క దినములు పదిమంది మోసిన బరువును నలువదిరెండవ దినమున ఒక్కని నెత్తిన పెట్టి, అతడు క్రుంగినపుడు "చూచితిరా, మారలేదు" అనుచున్నాము. రంజాను నెలలో మానిన సోదరుని విషయమున, ఈస్టరుకు ముందు ఉపవాసకాలమున మానిన సోదరుని విషయమునను జరుగునది ఇదియే.

ఒక మాట. ముదిరిన వ్యసనపరుడు దీక్ష పూనదలచినచో మాలకు ముందే వైద్యుని చూడవలెను. పైన చెప్పిన మూర్ఛలు మాలను చూచి ఆగవు.

ఆక్రన్ పట్టణమున

మనము దీక్షలో చూచిన ఈ రహస్యమునే, అనగా విశ్వాసము, తోడు కలిసి పనిచేయుటను, వేరొక దేశమున వేరొక దారిని కనుగొనిరి. 1935 మే నెలలో బిల్ విల్సన్ అను అమెరికా వర్తకుడు వ్యాపారముమీద ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ పట్టణమునకు పోయెను. అతడు త్రాగుడు మాని అప్పటికి కొన్ని నెలలే యైనది. తలపెట్టిన వ్యాపారము చెడినది. పరాయి ఊరు, ఒంటరి సాయంకాలము, హోటలులో ఎదుటనే మద్యపు గది. మన యార్డు గేటువద్ద నిలిచిన రైతు స్థితియే అనుకొనుడు. అతడు ఆ గదిలోనికి పోక టెలిఫోను తీసి, తనవంటి మరియొక త్రాగుబోతుతో మాటలాడవలెనని ఊరివారిని విచారించెను. అట్లు దొరికినవాడు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు. గంటలకొలది వారిద్దరు మాటలాడుకొనిరి. నీతిబోధ చేయువారివలె గాక, ఒకే జబ్బు అనుభవించినవారివలె మాటలాడుకొనిరి.

డాక్టరు బాబ్ మానెను. కొన్ని వారములకే ఒక వైద్యసభకు పోయి మరల త్రాగెను. మన పెద్దలు అచ్చటనుండినచో "ఇక వీనిని వదలివేయుడు" అనియుందురు. బిల్ వదలలేదు. 1935 జూన్ 10వ తేది డాక్టరు బాబ్ కడపటిసారి త్రాగిన దినము. 1950లో మరణించువరకు మరల ముట్టలేదు. బిల్ 1971లో మరణించువరకు, ముప్పదియారేండ్లు, అట్లే యుండెను. వారు స్థాపించినదే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము. చందా లేదు, అభ్యర్థనపత్రము లేదు, మానవలెనను కోరికయే అర్హత. సభ్యులు తమ పూర్తిపేరు వెల్లడింపరు. తమకంటె మించిన ఒక శక్తిని నమ్ముమని చెప్పుదురు గాని, ఆ శక్తిని రామునిగానో, అల్లాగానో, ఏసుగానో, తోటి సభ్యుల కూడికగానో, ఎవరి భావన వారిది. త్రాగువారి భార్యల కొరకు, బంధువుల కొరకు వేరొక సంఘము 1951లో ఏర్పడెను. మన దేశమునను ఈ సంఘములు గలవు, హైదరాబాదునను సమావేశములు జరుగుచున్నవి.

ఇట్టి కూడికలవలన నిజముగా ఫలమున్నదా అని సందేహించుట సహజము. 2020లో కోక్రేన్ సంస్థవారు 27 పరిశోధనలను, వానిలో పాల్గొన్న పదివేలకు పైబడిన వ్యక్తుల ఫలితములను కలిపి పరిశీలించిరి. రోగులను క్రమపద్ధతిలో ఈ సంఘములకు చేర్చిన చికిత్స, పూర్తిగా మానియుండు విషయమున, ఇతర పేరుపొందిన మానసిక చికిత్సలకంటె మెరుగని తేలినది. దేవుని నమ్మనివారికి ఇది చెల్లదేమో యని శంకింపనక్కరలేదు. సాయంకాలము ఏడు గంటలకు తనను ఎదురుచూచు నలుగురున్నారన్న నమ్మకమే మొదటి మెట్టు.

ఆశకు లెక్క

జార్జి వాయంట్ అను అమెరికా వైద్యుడు త్రాగుడు సమస్యగల మగవారిని దశాబ్దములపాటు వెంబడించి పరిశీలించెను. మాని ఆరు నెలలో సంవత్సరమో గడచినంత మాత్రమున మరల మొదలుపెట్టు అపాయము తీరదనియు, అయిదేండ్లు పూర్తిగా మానియున్నవారు మరల త్రాగుట అరుదనియు ఆయన కనుగొనెను. పంచాయతీ సభ్యులు గుర్తుంచుకొనవలసిన లెక్క ఇది. మామిడి అంటు నాటి మొదటి వేసవిలోనే కాయ లేదని కొట్టివేయు రైతు లేడు. మనిషి విషయమున ఆ ఓపిక ఎందులకు కొరవడుచున్నదో తెలియకున్నది.

ఆ అయిదేండ్లలో ఒంటికి జరుగు మేలు కండ్లకు కానవచ్చును. క్రొవ్వు పట్టిన కాలేయము కొన్ని వారములలో తేరుకొనును. కాలేయము గట్టిపడినవానికి పాత స్థితి పూర్తిగా రాకున్నను, మానినవాడు మాననివానికంటె ఎక్కువ కాలము బ్రతుకును. నిద్ర మాత్రము ఆలస్యముగా కుదుటపడును. కొన్ని నెలలపాటు చిరాకు, దిగులు, నిద్రలేమి వేధించును. "త్రాగినపుడే నయముగా నుండెను" అని ఇంటివారనునది ఈ నెలలలోనే. ఇది తాత్కాలికమని వారికి ముందే చెప్పియుంచుట మంచిది. త్రాగవలెనను తహతహ కెరటమువలె లేచి సాధారణముగా అరగంట లోపున తగ్గును. ఆ అరగంట ఎవరితోనైన మాటలాడుచు గడపగలిగినచో గండము తప్పును.

నడుమ ఒకమారు జారినవాని సంగతి. రక్తపుపోటు రోగికి ఒకమారు పోటు పెరిగినచో వైద్యుని వద్దకు పంపుదుము గాని తిట్టి తరుమము. ఇదియు అట్లే. జారిన మరుదినముననే మరల చికిత్సకు వచ్చినవాడు, సిగ్గుతో ఆరునెలలు దాగినవానికంటె సులభముగా గట్టెక్కును. కనుక జారినవాడు సిగ్గుపడి దాగికొను అవసరము లేకుండ చూచుట ఊరి పని.

ఊరు ఏమి చేయవచ్చును?

తమిళనాట మంజక్కుడి అను పల్లెలో జరిగిన ఒక యత్నమును ఇచ్చట తలపనగును. శ్రీమతి శాంతి రంగనాథన్ మద్యపానమువలన భర్తను పోగొట్టుకొని, 1980లో మద్రాసున ఆయన పేర ఒక చికిత్సాసంస్థను నెలకొల్పిరి. పల్లెవారు పట్టణపు ఆసుపత్రికి రాలేకున్నారని గ్రహించి, ఆ సంస్థవారు చికిత్సనే శిబిర రూపమున పల్లెకు కొనిపోయిరి. వైద్యులు వచ్చిరి, ఊరివారు చోటు చూపి తోడుపడిరి, కుటుంబములను గూడ చికిత్సలో చేర్చుకొనిరి. తమ ఊరిలో, తమవారి కండ్ల ఎదుట మానినవారికి ఊరే కావలిగా నిలిచెను. ఈ అనుభవము 1994లో ఒక అంతర్జాతీయ వైద్యపత్రికలో ప్రచురితమైనది.

తెలుగు నేలపై స్త్రీలు చేసిన పోరాటమును మరువరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా పాఠములు చదివిన తల్లులు సారా దుకాణమును ఎదిరించి నిలిచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరు 1వ తేదినుండి సారా నిషేధమునకు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసినది. 1997లో నిషేధమును సడలించిరి. చట్టములు వచ్చుచుండును, పోవుచుండును. మానదలచినవాడు మాత్రము ఏ చట్టమున్నను లేకున్నను మన వీధిలోనే కాపురముండును. ఊరిలో బెల్టు షాపు ఉండరాదని పట్టుబట్టుట పంచాయతీ చేయదగిన మేలు. ఇంటిప్రక్కనే సీసా దొరకుచున్నంతకాలము అతని అరగంట రెట్టింపు కష్టమగును.

మాల తీసిన మరునాడు తొలగిపోవు తోడును ఏడాదిపాటు నిలుపుటయే ముఖ్యమైన పని. గురుస్వాములు, పీఠముల పెద్దలు వారమునకొక సాయంకాలము భజన సాగించి, మానినవారిని అచ్చటికి పిలువవచ్చును. ఊరిలో మాని అయిదారేండ్లైనవాడు ఒక్కడున్నను, అతడంగీకరించినచో, క్రొత్తగా మానినవానికి అతనిని జతచేయుడు. సర్పంచి నూరు మాటలకంటె అతని ఒక్క మాట పనిచేయును. మిరప అమ్ముకొన వచ్చు దినమున రైతు వెంట భార్యయో, ఎదిగిన కొడుకో, మానిన మిత్రుడో యార్డునకు రావలెను. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడునట్లు అడ్తిదారుతో ముందే మాటలాడుకొనవచ్చును. హమాలీ ముఠాలో మానినవానికి, అతడు కోరినచో, కూలిని వారమునకొకమారు ఇంటివారి చేతికిచ్చు ఏర్పాటు ముఠా మేస్త్రీ చేయవచ్చును. అతని సమ్మతి లేక చేసినచో అవమానముగా భావించును. ఆ అవమానమే త్రాగుడునకు సాకగును.

పండుగలు, దావతులు మరియొక గండము. దసరా, పోచమ్మ పండుగ, పెండ్లి, చావు దినము, రెండేండ్లకొకమారు మేడారము జాతర. ఒకడు మానినాడని తెలిసియు "ఒక్క గ్లాసుతో ఏమగును?" అని చేతిలో పెట్టువాడు మర్యాద చేయుచున్నాననుకొనును. వార్డు సభ్యుడు ఆ పంక్తిలో నున్నచో ఆ గ్లాసును తాను అడ్డుకొనవలెను. అమ్మవారికి సాక పోయుట ఇంటి ఆచారమైనచో ఆ పనిని అన్నదమ్ములలో మరియొకరికి అప్పగింపవచ్చును. అమ్మ కోపించునని ఏ పెద్దయు చెప్పడు.

ఇంటి ఆడవారికొక మాట. కూరలోనో పాలలోనో కలిపినచో తెలియకుండగనే త్రాగుడు మానునని పొడులు అమ్మువారు తిరుగుచుందురు. అట్టివానిని కొనరాదు. త్రాగుడు మాన్పు మందులలో డైసల్ఫిరాం అనునది కలదు. దానిని మ్రింగి త్రాగినచో గుండెదడ, వాంతులు, రక్తపుపోటు పడిపోవుట సంభవించును. తెలియకుండ పెట్టినచో ప్రాణముమీదికి రావచ్చును. అది రోగి తెలిసి, ఒప్పుకొని, వైద్యుని కనుసన్నలలో తీసికొనవలసిన మందు. తహతహను తగ్గించు వేరు మందులును గలవు. ఏది ఎవరికి తగునో, కాలేయ పరీక్ష చూచి వైద్యుడే నిర్ణయించును.

వరంగల్ ప్రాంతపు పంచాయతీలవారు రోగిని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగమునకు కొనిపోవచ్చును. రోగి చివరిసారి ఎపుడు త్రాగెను, దినమునకెంత త్రాగుచుండెను, కల్లా సారాయా సీసా మద్యమా, ఇదివరకు మూర్ఛలు వచ్చినవా అను వివరములు కాగితముపై వ్రాసికొనిపోయినచో వైద్యునికి మిక్కిలి సాయము. మాదకద్రవ్యముల, మద్యపు వ్యసనములకు 14446 అను జాతీయ ఉచిత టెలిఫోను గలదు. మానసిక వ్యథలకు 14416 అను టెలిమానస్ సేవలో తెలుగునను మాటలాడవచ్చును. ఈ రెండు అంకెలను పంచాయతీ కార్యాలయపు గోడపైనను, బస్సు ఆగుచోటను, పీఠమువద్దను పెద్ద అక్షరములతో వ్రాయించుడు. వీలైనచో కార్తీకమునకు ముందే వ్రాయించుడు.